మా బావగారి క్లినిక్‌లో చేరమంటున్నారు

ప్రశ్న: 11 ఏళ్లుగా ఓ పెద్ద ఆస్పత్రిలో ఐసీయూ నర్సుని. డాక్టరైన మా బావగారు సొంత క్లినిక్ పెట్టారు. నైట్ డ్యూటీలు మానేసి తన దగ్గరకు వచ్చేయమంటున్నారు. అత్తగారికీ అదే ఇష్టం. జీతం మాటెత్తితే మా తోడికోడలు, ‘ఇంట్లో మనిషికి జీతమేమిటి, అవసరానికి తీసుకో’ అన్నారు. మావారు ఏమీ అనలేదు. అక్కడ చేరితే నేర్చుకున్న పని మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

జవాబు: కొంత మర్చిపోతారమ్మా. ఏడాదిపాటు వెంటిలేటర్ ముట్టుకోకపోతే చెయ్యి తడబడుతుంది, మళ్లీ చేస్తే అలవాటవుతుంది. దానికి ఉత్తరం రాయక్కర్లేదు. పైగా క్లినిక్ పని తేలికేమీ కాదు. ఇంజెక్షన్ పడక ఎవరికైనా ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోతే, ఐసీయూలో ఒక్క కేకకి నలుగురు పరుగెత్తుకొస్తారు. ఇక్కడ మీరూ, డాక్టరూ, ట్రేలో అడ్రినలినూ, అంతే. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ చూసి రాసేదీ మీరే. నైట్ డ్యూటీల సంగతి మాత్రం బావగారు సరిగ్గానే చెప్పారు. రాత్రి షిఫ్టులు బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో అంది, 2019లో మళ్లీ పరిశీలించి అదే చెప్పింది. మానాలనుకోవడంలో తప్పులేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారేమన్నారో రాశారు, అత్తగారి ఇష్టం రాశారు, తోడికోడలి మాట పొల్లుపోకుండా రాశారు. కట్టుకున్న మనిషి గురించి మాత్రం రెండే ముక్కలు: ‘ఏమీ అనలేదు’. నాకు గుచ్చుకున్నది అదే. మీకూ అదే గుచ్చుకుని ఉంటుంది.

నెలనెలా మీ ఖాతాలో పడే జీతం కాస్తా ‘అవసరానికి తీసుకో’ అయిపోతుంటే ఆయన విననట్టు కూర్చున్నారు. అన్నగారి ఎదుట నోరెత్తకపోవడం మర్యాద అనుకున్నారేమో. అన్నంటే గౌరవం ఉండాల్సిందే, నేను కాదనను. కానీ గౌరవం ఆయనదీ, దానికి ఖర్చు మీ కష్టమూనా? రేపు సెలవు కావాల్సి వచ్చినా, ‘పేషెంట్లున్నారు, ఇంకో గంట ఉండు’ అన్నా మీ తరఫున మాట్లాడాల్సింది ఈయనే. ఇవాళ పెదవి విప్పని మనిషి అప్పుడు విప్పుతారా?

అందుకే బావగారి సంగతి తర్వాత, ముందు మీ ఆయనతో మాట్లాడండి. ‘చేరనా, వద్దా’ అని అడక్కండి. ‘నీ ఇష్టం’ అని తప్పించుకుంటారు. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, సెలవెప్పుడు... ఇవన్నీ కాగితం మీద ఉండాలనీ, ఆ మాట మీ అన్నయ్యతో మీరే చెప్పాలనీ అనండి. పక్కన నేనూ కూర్చుంటానని కూడా చెప్పండి. తోడికోడలికి మీరు జవాబివ్వనక్కర్లేదు. ఆవిడ బాధ్యత ఆవిడ భర్తది.

ఆ కాగితం డబ్బు కోసమే అనుకోకండి. జీతం లేకుండా చేసిన పనికి అనుభవం సర్టిఫికెట్ అడగ్గలరా? రేపు మళ్లీ ఆస్పత్రికి వెళ్తే ఆ ఏళ్లన్నీ ఖాళీగా కనబడతాయి. మీరు పని మర్చిపోతారని భయపడుతున్నారు, నాకేమో మీరు పనిచేసినట్టు ఆనవాలే మిగలదని భయం.

మీ ఆయన ససేమిరా అంటే ఆ క్లినిక్ మీకొద్దు. పగటి డ్యూటీకి నర్సు కావాల్సిన డాక్టర్లు ఇంకా ఉంటారు, పరాయివాళ్లతో జీతం మాట్లాడ్డానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఎక్కడికెళ్లినా ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా ఇవ్వకండి. ఇచ్చాక నోటీసు పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటరూ 11 ఏళ్ల సర్టిఫికెటూ తీసుకునే బయటికి రండి.