5 ≤ 5 అని రాస్తే తప్పా?

తప్పు కాదు, 5 ≤ 5 పూర్తిగా నిజమైన వాక్యమే. ≤ గుర్తును ‘తక్కువ లేదా సమానం’ అని చదువుతాం. కీలకమంతా ఆ ‘లేదా’లోనే ఉంది: రెండింటిలో ఏ ఒక్కటి నిజమైనా వాక్యం నిజమవుతుంది. ఇక్కడ 5 < 5 అన్నది తప్పు, 5 = 5 అన్నది నిజం; అది చాలు. ఇంకా సులువుగా, ≤ అంటే ‘మించదు’ అనుకోండి. ఐదు ఐదును మించదు కదా!

ఓటు హక్కునే తీసుకోండి. రాజ్యాంగం 326వ అధికరణం ప్రకారం ఓటరు వయసు 18 ఏళ్లకు తక్కువ కాకూడదు (1989కి ముందు 21). గుర్తులతో రాస్తే, వయసు ≥ 18. దాన్ని > 18 అని మారిస్తే, నిండిన ఏళ్ల లెక్కన పద్దెనిమిదేళ్లవారు ఆ ఏడాదంతా జాబితా బయటే ఉండిపోతారు. కింది గీత చేసే పని అంత పెద్దది.

సమానమని తెలిశాక = మాత్రమే వాడాలన్నది చాలామంది అపోహ. = మరింత కచ్చితంగా చెబుతుంది, నిజమే; అంతమాత్రాన ≤ అబద్ధమైపోదు. ఆ మాటకొస్తే, సమానత్వం ఊసే లేని 3 ≤ 5 కూడా ఒప్పే.