కొత్తవారికి కమిట్ హక్కు ఇవ్వడంలో ఏది న్యాయం?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు నెలల తరబడి ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపినా కమిట్ హక్కు, అంటే ప్రాజెక్టు కోడ్‌ను నేరుగా మార్చే అనుమతి, రాకపోవడం పక్షపాతమేనా అని హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మీరు అడిగారు. ఆలస్యం ఒక్కటే పక్షపాతానికి రుజువు కాదు. ఓపెన్ సోర్స్ సంస్థ అయిన అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టులలో నిర్వహణ కమిటీ సభ్యులు ఓటు వేసి కమిటర్లను, అంటే ఈ హక్కు పొందేవారిని, ఎన్నుకుంటారు. అక్కడ కోడ్‌తో పాటు డాక్యుమెంటేషన్, పరీక్షలు, తోటివారికి చేసిన సహాయం కూడా లెక్కకు వస్తాయి. ప్యాచ్‌ల సంఖ్యనే కొలమానం చేస్తే, జీతం తీసుకుంటూ రోజంతా అదే పని చేసేవారితో, వరంగల్ హాస్టల్‌లో రాత్రివేళ మాత్రమే తీరిక దొరికే విద్యార్థి పోటీపడలేరు కనుక, అది నాకు న్యాయమనిపించదు. అయితే జాగ్రత్తకూ బలమైన కారణముంది: రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన సహ నిర్వాహక ఖాతా ద్వారానే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి దొంగదారి కోడ్ (కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు వీలిచ్చేది) చేరిందని 2024 మార్చిలో బయటపడింది. అర్హతలు రాతపూర్వకంగా ఉన్నాయా, మీ పనిలో ఇంకా ఏమి చూడాలనుకుంటున్నారు అని నిర్వాహకులను నేరుగా అడగండి.