టెక్ సందేహాలు: వోల్టేజీ తగ్గించినా కరెంట్ పెరగలేదేం?

ప్రశ్న: సార్, ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఉంది. 12 వోల్టులు, 1 ఆంపియర్. దాంతో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు నడుపుదామని, వోల్టేజీ తగ్గించే 7805 ఐసీ పెట్టి 5 వోల్టులు తీశాను. వోల్టేజీ తగ్గితే కరెంట్ పెరుగుతుందని ఫ్రెండ్ చెప్పాడు. కానీ ఐసీ ముట్టుకోలేనంత వేడెక్కుతోంది, బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది.
- ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఫ్రెండ్ మాట నిజమే, కానీ 7805 దగ్గర అది చెల్లదు. అది లీనియర్ రెగ్యులేటర్. లోపలికి వచ్చిన కరెంటే దాదాపు బయటికి వెళ్తుంది. ఎక్కువైన 7 వోల్టులు వేడి కింద పోతాయి. ఒక ఆంపియర్ లాగారంటే 7 వాట్ల వేడి! హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేకుండా ఆ ఐసీ ఒకటిన్నర వాట్లు తట్టుకుంటే గొప్ప. వేడి హద్దు దాటగానే తనంతట తాను ఆగిపోతుంది, కాస్త చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మీ రీస్టార్ట్‌లకు కారణం చాలావరకు ఇదే.

మీకు కావాల్సింది బక్ కన్వర్టర్. కోఠి గుజరాతీ గల్లీలో స్టెప్ డౌన్ మాడ్యూల్ అని అడగండి, ఎక్కువగా ఎల్‌ఎం2596 అనే ఐసీ ఉన్నది ఇస్తారు. ఇందులోని స్విచ్ సెకనుకు లక్షన్నర సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు అడాప్టర్ కరెంట్ కాయిల్ గుండా బోర్డుకు వెళ్తూ, కొంత శక్తిని కాయిల్‌లో నిలవ చేస్తుంది. ఆఫ్ కాగానే కాయిల్ ఆ శక్తితో డయోడ్ మీదుగా కరెంట్‌ను కొనసాగిస్తుంది. అంటే బోర్డుకు కరెంట్ ఆగకుండా అందుతుంది, అడాప్టర్ మాత్రం సగం కంటే తక్కువ సేపే ఇస్తుంది. కరెంట్ పెరిగేది ఇలాగే. వాట్లు మాత్రం పెరగవు.

మీ లెక్క: 12 వాట్లలో సుమారు 80 శాతం దక్కితే 9.6 వాట్లు. 5తో భాగిస్తే 1.9 ఆంపియర్లు. కాగితం మీద బాగానే ఉంది, కానీ పాత అడాప్టర్‌ను నమ్మి ఒకటిన్నర దాటకండి. మీ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4 అయితే దానికి 3 ఆంపియర్లు కావాలి కాబట్టి ఈ ప్రయత్నం మానేసి సరైన చార్జర్ కొనడమే మేలు.

ఒక్క జాగ్రత్త. బోర్డు తగిలించకముందే మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్‌ను 5.1 వోల్టులకు సెట్ చేయండి. మాడ్యూల్ మీది చిన్న స్క్రూ చాలా చుట్లు తిప్పేదాకా రీడింగ్ కదలకపోవచ్చు, కంగారు పడొద్దు. సన్నటి వైర్లు వాడితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. 4.63 దగ్గరికి దిగితే వోల్టేజీ చాలడం లేదని స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తుంది.

ప్రశ్న: కరెంట్ పోయినప్పుడు 5 వోల్టుల పవర్ బ్యాంక్‌తో 12 వోల్టుల రౌటర్ నడపొచ్చా?
- గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: నడపొచ్చండీ. 5 వోల్టులను 12కు పెంచే బూస్ట్ కేబుల్ దొరుకుతుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: రౌటర్ ఒక ఆంపియర్ లాగితే, దారిలో పోయే నష్టం కూడా కలిపి పవర్ బ్యాంక్ దాదాపు 2.7 ఆంపియర్లు ఇవ్వాలి. చాలా రౌటర్లు లేబుల్ మీద రాసినంత లాగవు కాబట్టి 2 ఆంపియర్ల పోర్టుతో ఒకసారి ప్రయత్నించి చూడండి.