చౌక ప్రీపెయిడ్ ప్లాన్‌పై మొదటి స్మార్ట్‌ఫోన్: ధరను నెలలతో భాగించి చూడండి

ప్రశ్న: ఇన్నేళ్లుగా బటన్ ఫోనే వాడుతున్నాను. బ్యాంకు పనులకు, పిల్లలతో వీడియో కాల్స్‌కు, తెలియని చోట దారి చూసుకోవడానికి మొదటిసారి స్మార్ట్‌ఫోన్ కొనుక్కోవాలనుకుంటున్నాను. నెలకు తక్కువ ఖర్చయ్యే ఒక ప్రీపెయిడ్ కంపెనీకి మారాలని నిర్ణయించుకున్నాను. తన సిమ్ మాత్రమే పనిచేసేలా లాక్ చేసిన ఒక ఫోన్‌ను ఆ కంపెనీ నాలుగు నెలల రీఛార్జ్ మొత్తానికే ఇస్తోంది; ఏడాది వరకు ఆ లాక్ తీయరు. ఏ సిమ్ అయినా పనిచేసే కొత్త ఫోన్‌కు తొమ్మిది నెలల రీఛార్జ్ అంత అవుతుంది. ఒకప్పటి ఖరీదైన మోడల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో ఐదు నెలల రీఛార్జ్ ధరకు వస్తోంది. నేను ఏడు నెలల రీఛార్జ్ అంత డబ్బు దాచుకున్నాను. కొత్త ఫోన్‌ను పన్నెండు వాయిదాల మీద, వాయిదాకు ఒక నెల రీఛార్జ్ అంత చొప్పున ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ధరలను నెల రీఛార్జ్‌తో కొలిచి రాయడం వల్ల మీ లెక్క సగం మీరే చేసేశారు. మిగిలిన సగం ఏమిటంటే, ఒక్కో ఫోన్ ధరను అది మీకు నమ్మకంగా పనికివచ్చే నెలలతో భాగించడం. ఈ నెలల సంఖ్య ఫోన్ పగిలిపోయే దాకా లెక్కించేది కాదు. ఆ మోడల్‌కు తయారీ కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా ఎంతకాలం ఇస్తుందో దాన్ని బట్టి లెక్కించాలి. అప్‌డేట్లు ఆగిన రోజే ఫోన్ ఆగిపోదన్నది నిజమే, కానీ ఆ తర్వాత బయటపడే లోపాలను సరిచేసేవారు ఉండరు, కొన్నాళ్లకు బ్యాంకు యాప్‌లు కూడా పాత సాఫ్ట్‌వేర్‌పై పనిచేయడం మానేస్తాయి. మీరు ఫోన్ కొంటున్నదే బ్యాంకు పనుల కోసం కాబట్టి, నేను ఈ గడువునే ఫోన్ అసలు ఆయుష్షుగా తీసుకుంటాను.

అప్‌డేట్ల గడువును మీరు కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్కించే కంపెనీలే ఎక్కువ. అందుకే మూడేళ్ల కిందటి మోడల్‌ను కొత్త పెట్టెలో పెట్టి తక్కువ ధరకు అమ్ముతున్నప్పుడు, అందులో మిగిలిన ఆయుష్షు ఏడాదే కావచ్చు. ఇప్పుడు తక్కువ ధర ఫోన్లలోనూ ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చేవి ఉన్నాయి. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ16కు ఆ కంపెనీ ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రకటించింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపేసిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. మీరు చూస్తున్న మూడు ఫోన్ల మోడల్ పేర్లనూ తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికి, అప్‌డేట్లు ఆగే తేదీలను ఒక కాగితం మీద రాసుకోండి.

ఉదాహరణకు లాక్ చేసిన ఫోన్‌కు ఒక ఏడాది, కొత్త ఫోన్‌కు నాలుగేళ్లు, సెకండ్‌హ్యాండ్ ఫోన్‌కు రెండేళ్లు మిగిలి ఉన్నాయనుకుందాం. నాలుగు నెలల రీఛార్జ్‌ను పన్నెండు నెలలకు పంచితే, మొదటి ఫోన్‌కు నెలకు మీ రీఛార్జ్‌లో మూడో వంతు ఖర్చవుతుంది. తొమ్మిదిని నలభై ఎనిమిదికి పంచితే కొత్త ఫోన్‌కు ఐదో వంతు కూడా కాదు. సెకండ్‌హ్యాండ్ ఫోన్‌కు ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ అవుతుంది, కానీ బ్యాటరీ మార్పించవలసి వచ్చి దానికి ఒకటిన్నర నెలల రీఛార్జ్ అంత పోతే అది నాలుగో వంతు దాటుతుంది. అన్నిటికంటే చౌకగా కనిపించిన ఫోనే నెల లెక్కలో అన్నిటికంటే ఖరీదైనదవుతోందని గమనించండి.

అయితే ఈ లెక్క కంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది, మీరు ఎక్కువ సమయం దాని మీదే పెట్టాలని నా కోరిక. చాలా దేశాల్లో తక్కువ ధరకు సేవలందించే ప్రీపెయిడ్ కంపెనీలలో చాలావాటికి సొంత టవర్లు ఉండవు. అవి పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌ను అద్దెకు తీసుకుని మనకు అమ్ముతాయి. కాబట్టి మీ ఫోన్ పనిచేయవలసింది సిమ్ మీద ఉన్న పేరుతో కాదు, దాని వెనుక ఉన్న టవర్లతో. ఆ టవర్లు వాడే 4జీ బ్యాండ్లు, అంటే సిగ్నల్ ప్రసారమయ్యే తరంగాల శ్రేణులు, ఫోన్‌లో ఉండాలి. అంతేకాక 4జీ మీదే మాటలు వినిపించే వోల్టీ సౌకర్యం మీ ఫోన్ మోడల్‌కు ఆ నెట్‌వర్క్‌లో పనిచేయాలి. ఫోన్‌లో వోల్టీ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే కొన్ని కంపెనీలు తాము ఆమోదించిన మోడళ్ల జాబితాలో ఉన్నవాటికే దాన్ని ఇస్తాయి. జాబితాలో లేని ఫోన్‌లో ఇంటర్నెట్ చక్కగా వస్తూనే, కాల్ చేయగానే అది పాత 2జీ లేదా 3జీ కోసం వెతుకుతుంది, ఆ పాత నెట్‌వర్క్ లేని చోట కాల్ అసలు కలవదు. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లోనే 3జీని మూసేశాయి. ఆస్ట్రేలియాలో 2024లో మూసినప్పుడు, 4జీ మీద అత్యవసర కాల్స్ చేయలేని ఫోన్లకు సేవలు నిలిపివేయాలని నిబంధన కూడా పెట్టారు. కాల్ కలవని ఫోన్ ఎంత చౌకగా వచ్చినా ఆ డబ్బు దండుగే.

దీన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. ఫోన్ డయలర్‌లో *#06# అని నొక్కితే ఒక్కో ఫోన్‌కు ప్రత్యేకంగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు, కనిపిస్తుంది, పెట్టె మీద కూడా అదే ముద్రించి ఉంటుంది. ప్రీపెయిడ్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోన్ అనుకూలతను చూసే పేజీ ఉంటే అక్కడ ఆ నంబరు ఇవ్వండి, లేదంటే కస్టమర్ కేర్‌ను అడిగి "వోల్టీ కాల్స్ పనిచేస్తాయి" అన్న జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఒకే పేరుతో వేర్వేరు దేశాలకు వేర్వేరు బ్యాండ్లతో ఫోన్లు తయారవుతాయి కాబట్టి, పేరు కాక పూర్తి మోడల్ నంబరు చూడాలి. మీ ఇంట్లో సిగ్నల్ బలహీనంగా ఉంటే వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్ బదులు వైఫై మీద కాల్ చేసే సౌకర్యం) ఆ కంపెనీ ఇస్తుందో లేదో కూడా అప్పుడే అడగండి.

టవర్లు అద్దెకు తీసుకున్న కంపెనీల ఖాతాదారులకు, రద్దీ సమయంలో నెట్ వేగం టవర్లు ఉన్న కంపెనీ సొంత ఖాతాదారుల కంటే తగ్గవచ్చు. ప్లాన్‌లో "అన్‌లిమిటెడ్" అని ఉన్నా, ఒక పరిమితి దాటాక వేగం 128 కేబీపీఎస్‌కు పడిపోయే ప్లాన్లు ఉన్నాయి. ఆ వేగంలో ఒక ఎంబీ ఫోటో రావడానికే నిమిషం పైన పడుతుంది. వీడియో కాల్స్ మీకు ముఖ్యం కాబట్టి, ప్లాన్‌లోని ఆ చిన్న అక్షరాలను తప్పకుండా చదవండి. ఇంట్లో వైఫై ఉంటే పెద్ద ప్లాన్ అక్కరలేదు.

ఫోన్‌లో చూడవలసినవి కొన్నే. స్టోరేజీ 128 జీబీ ఉంటే నిశ్చింత. 64 జీబీలో గణనీయమైన భాగం సిస్టమ్‌కే పోతుంది. ర్యామ్ (యాప్‌లు నడుస్తున్నప్పుడు ఫోన్ వాడుకునే మెమరీ) 4 జీబీకి తగ్గకూడదు, ప్రకటనలో "4+4" అని ఉంటే రెండో నాలుగు స్టోరేజీలోంచి తీసుకున్నదే తప్ప అసలు ర్యామ్ కాదు. మీరు చెప్పిన అవసరాలకు 4జీ చాలు కాబట్టి, 5జీ కోసం విడిగా డబ్బు ఎక్కువ పెట్టవద్దు. కెమెరా మెగాపిక్సెళ్ల సంఖ్యను అసలు లెక్కలోకే తీసుకోకండి.

లాక్ చేసిన ఫోన్‌ను తక్కువకు ఇవ్వడంలో మోసం లేదు. మిగతా ధరను మీరు వచ్చే ఏడాదిలో చేయబోయే రీఛార్జ్‌ల మీద కంపెనీ రాబట్టుకుంటుంది. మీకు దానివల్ల వచ్చే నష్టం వేరు. ఆ కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లోనో పనిచేసే చోటో రాకపోతే, ఏడాదిపాటు మీరు వేరే కంపెనీకి మారలేరు. మీరు ఆ కంపెనీ సేవలను ఇంకా చూడనేలేదు గనుక ఈ స్వేచ్ఛ విలువ మీకు ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ ఫోన్ విషయానికి వస్తే, పాత యజమాని ఖాతా పూర్తిగా తొలగించారో లేదో మీ ఎదుటే రీసెట్ చేయించి చూడాలి. అది దొంగిలించినదిగా నమోదై ఉందేమో ఐఎంఈఐతో పరీక్షించాలి, వారంటీ కాగితం అడగాలి. మొదటిసారి స్మార్ట్‌ఫోన్ వాడేవారికి ఇన్ని పరీక్షల భారం వేయడం నాకు ఇష్టం లేదు.

వాయిదాల పద్ధతిని మాత్రం గట్టిగా వద్దంటాను. తొమ్మిది నెలల రీఛార్జ్ ధర ఉన్న వస్తువుకు పన్నెండు నెలల రీఛార్జ్ కడుతున్నారంటే, ధర మీద మూడో వంతు అదనం. పైగా వాయిదా కట్టడం ఆలస్యమైతే దూరం నుంచే ఫోన్‌ను లాక్ చేసే ఏర్పాటు కొన్ని పథకాల్లో ఉంటుంది, అప్పుడు మీ బ్యాంకు పనీ ఆగిపోతుంది. అదే ఒక నెల వాయిదా అంత మొత్తాన్ని మీరే దాచుకుంటూ పోతే, ఏడుకు తొమ్మిది కావడానికి రెండు నెలలు చాలు. దాచుకున్న ఏడు నెలల మొత్తం ఇంటి అత్యవసరాలకూ అదే ఆధారమైతే, ఇంకొన్ని నెలలు ఆగడం మేలు. ఇన్నేళ్లు నడిచిన బటన్ ఫోన్ మరి కొన్ని నెలలు నడుస్తుంది.

ఆ రెండు నెలల్లో ప్రీపెయిడ్ కంపెనీ నుంచి అతి చిన్న ప్లాన్‌తో ఒక సిమ్ తీసుకుని, ఎవరిదైనా లాక్ లేని 4జీ ఫోన్‌లో వేసి, ఇంట్లోనూ పనిచోటా కాల్స్, వీడియో కాల్స్ చేసి చూడండి. సిగ్నల్ నచ్చాకే మీ పాత నంబరును ఆ కంపెనీకి మార్చుకోండి, ఏడాది ప్లాన్ తక్కువకు వస్తోందని మొదటి నెలలోనే డబ్బు కట్టేయవద్దు. రీఛార్జ్ గడువు తేదీని కూడా గుర్తు పెట్టుకోండి, ఎక్కువకాలం రీఛార్జ్ చేయని నంబరును కంపెనీలు రద్దు చేసి వేరొకరికి ఇవ్వవచ్చు. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ నంబరుకే.

కాబట్టి నా సలహా ఇది: లాక్ లేని కొత్త ఫోన్‌కు అప్‌డేట్లు మూడేళ్లకు తగ్గకుండా మిగిలి ఉండి, మీ ప్రీపెయిడ్ కంపెనీ జాబితాలో ఆ మోడల్ ఉంటే, రెండు నెలలు ఆగి పూర్తి డబ్బుతో దాన్నే కొనండి. జాబితాలో లేకపోతే అదే ధరలో జాబితాలో ఉన్న మరో మోడల్ చూడండి. లాక్ చేసిన ఫోన్‌కు కూడా మూడేళ్ల అప్‌డేట్లు మిగిలి ఉండి, సిగ్నల్ పరీక్షలో ఆ కంపెనీ మీకు నచ్చితే, అప్పుడు నెల లెక్కలో అదే చౌక అవుతుంది, దాన్ని తీసుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. ఏది కొన్నా బిల్లు మీద ఐఎంఈఐ నంబరు రాయించుకోండి.