చెవులు చూస్తే జాతి తెలుస్తుంది

ప్రశ్న: మొన్న మా తమ్ముడి బారాత్‌కి తెల్లగుర్రం మాట్లాడుకున్నాం. తెచ్చినాయన అది అసలైన అరబ్బీ గుర్రం అన్నారు. కానీ దాని చెవుల కొసలు లోపలికి వంగి, ఒకదాన్నొకటి తాకుతున్నట్టున్నాయి. అరబ్బీ గుర్రాలు ఇలాగే ఉంటాయా? మలక్‌పేట రేసుల్లో పరిగెత్తేవి కూడా ఇవేనా? ఆసియాలో పుట్టిన జాతులు ఇంకేమున్నాయి?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు చెవులు గమనించడం మంచిదైంది, ఎందుకంటే అలా మెలితిరిగిన చెవులు అరబ్బీ గుర్రానివి కావు, మన దేశపు గుర్రాలవే. రాజస్థాన్ మార్వారీకి, గుజరాత్ సౌరాష్ట్రలోని కాఠియావాడీకి ఆ చెవులే గుర్తు. అరబ్బీ గుర్రానికైతే కళ్ల కింద ముక్కు దూలం కాస్త లోపలికి నొక్కినట్టుంటుంది, నడిచేటప్పుడు తోక పైకెత్తుతుంది. చర్మం కూడా గులాబీ రంగులో ఉంటే దాన్ని నుక్రా అంటారు, పెళ్లిళ్లకి అందరూ అడిగేది అదే. చర్మం నల్లగా ఉండి వెంట్రుకలు మాత్రం తెల్లగా ఉన్న గుర్రాలు చాలావరకు ముదురు రంగులో పుట్టి, వయసుతో తెల్లబడినవే. ఇంత అందమైన మన జాతిని పట్టుకుని అరబ్బీ అని చెప్పుకోవాల్సి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మలక్‌పేటలో పరిగెత్తేవి థరోబ్రెడ్‌లు, అవి 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో తయారైన జాతి. అయితే వాటి మూలపురుషులుగా చెప్పే మూడు మగ గుర్రాలూ తూర్పు నుంచి వెళ్లినవే. వాటిలో ఒకటైన డార్లీ అరేబియన్‌ని సిరియాలోని అలెప్పోలో కొని 1704లో ఇంగ్లండ్‌కి తీసుకెళ్లారు, ఇవాళ్టి థరోబ్రెడ్‌లలో చాలావాటి తండ్రి వరస దాని దగ్గరికే చేరుతుంది. అంటే ఆ రేసు గుర్రాల్లోనూ ఆసియా రక్తం ఉంది.

ఇక మిగతావాటిలో నాకు బాగా నచ్చేది తుర్క్‌మెనిస్తాన్ అఖల్‌తెకే. సన్నటి ఒళ్లు, ఎండ పడితే లోహంలా మెరిసే వెంట్రుకలు. 1935లో ఈ గుర్రాల మీద అష్గాబాద్ నుంచి మాస్కో దాకా 84 రోజుల్లో వెళ్లారు, దారిలో ఎడారి కూడా దాటారు. మంగోలియా గుర్రం పొట్టిది, కొట్టాలు లేకుండా చలికాలమంతా ఆరుబయటే బతుకుతుంది. సైబీరియాలోని యాకూత్ గుర్రం మంచు తవ్వుకుని గడ్డి తింటుంది. మన దగ్గర మణిపురి పొట్టి గుర్రం పోలోకి పేరుపడింది, లడఖ్‌లో జంస్కారీ, హిమాచల్‌లో స్పితి కొండదారుల్లో బరువులు మోస్తాయి.

చెవుల గురించి ఇంకొక్క మాట. గుర్రం ఒక్కో చెవినీ విడిగా వెనక్కి దాకా తిప్పి వింటుంది, మనకి వినపడనంత కీచు శబ్దాలు కూడా దానికి వినిపిస్తాయి. ఈసారి బారాత్‌లో బ్యాండు వాళ్లని నాలుగడుగులు ముందు నడవమనండి, గుర్రం పక్కన మాత్రం టపాసులు కాల్చనివ్వకండి.