ఎవరూ గీయని గీతలు

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం. బ్లాక్ కోపాలిమర్లు వాటంతట అవే నానో గీతలుగా ఏర్పడతాయని సెమినార్‌లో చెప్పాలి. ఎవరూ గీయకుండా గీతలెలా వస్తాయి? ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: అమ్మా, నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు పాలిమర్లు చెప్పినవాణ్ణి. బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేసినా ఈ పాఠం పిల్లలకు ఎక్కేది కాదు. ఒక ఏడాది టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ ముక్క, నేమ్‌ప్లేట్ల అంగట్లో అడిగి తెచ్చిన యాక్రిలిక్ ముక్క టోలుయిన్ అనే ద్రావకంలో కరిగించి, గాజు పలకల మీద పోసి ఆరబెట్టాం. విడివిడిగా పోసినవి అద్దంలా ఆరాయి. రెండూ కలిపి పోసింది మాత్రం తెల్లగా మసకబారింది.

థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్, యాక్రిలిక్ అంటే పీఎంఎంఏ (పాలీ మిథైల్ మెథాక్రిలేట్). రెండూ పాలిమర్లే, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. రెండింటికీ పడదు. ఎక్కడికక్కడ గుంపు కట్టేస్తాయి. ఆ గుంపుల మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు గొలుసులనే కొసకు కొస రసాయన బంధంతో ముడేశామనుకో, అదే బ్లాక్ కోపాలిమర్. పొడుచుకునే రెండు ఎద్దులను ఒకే పలుపుకు చెరో కొసన కట్టినట్టు. ఎడంగా జరగాలనే చూస్తాయి, కానీ పలుపు దాటి పోలేవు. అందుకే గుంపు పెరగదు, 10 నుంచి 100 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వెలుగు అలకంటే అది చాలా చిన్నది కాబట్టి ఈ పొర మసకబారదు.

సెమినార్‌లో ఇక్కడ కాస్త నిలబడు. గీతల ఎడాన్ని నిర్ణయించేది గొలుసు పొడవే. గొలుసు 8 రెట్లు పెరిగితే ఎడం సుమారు 4 రెట్లు పెరుగుతుంది. రెండు భాగాలూ సమానంగా ఉంటే పొరలు పొరలుగా, ఒకటి మూడో వంతుకు తగ్గితే స్తంభాలుగా, ఇంకా తగ్గితే గోళాలుగా అమరుతాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి ఇది.

ఎదురు ప్రశ్న వచ్చేది ఇక్కడే: ‘అవి తిన్నగా వస్తాయా?’ రావు. వదిలేస్తే వేలిముద్రల్లా మెలికలు తిరుగుతాయి. పైగా పీఎంఎంఏకు చిప్‌లు చేసే సిలికాన్ పలక మీద మక్కువ ఎక్కువ, కిందికి అతుక్కుని పొరలు పడుకుండిపోతాయి. 1997లో రసెల్, హాకర్ అనే శాస్త్రవేత్తల బృందం రెండింటికీ సమానంగా నప్పే పలచని పూత పలక మీద వేసి, పొరలను నిలబెట్టే దారి చూపింది. నిలబడిన పొరలే పైనుంచి చూస్తే గీతలు. తిన్నదనం సంగతి 2003లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాల్ నీలీ బృందం తేల్చింది. పలక మీద ముందే రసాయన చారలు గీసి ఉంచితే పాలిమర్ వాటి వెంటే నడిచింది. తర్వాత తర్వాత దూరదూరంగా కొన్ని చారలే గీసినా, మధ్య గీతలను పాలిమరే నింపుకుంది. మన చేనికాడ మొదటి సాలు తిన్నగా పడితే మడక దాని పక్కనే సాగుతుంది చూడు, అలాగ.

వేడి చేసి గొలుసులను సర్దుకోనిచ్చాక, అతినీలలోహిత కాంతి పెట్టి అసిటిక్ ఆమ్లంతో కడిగితే పీఎంఎంఏ పోతుంది, పాలీస్టైరీన్ గీతలు మిగులుతాయి. వాటిని అడ్డం పెట్టుకుని సిలికాన్‌ను చెక్కుతారు. కాంతితో గీసే లితోగ్రఫీకి ఇది తోడు, దానికి బదులు కాదు. కోట్ల గీతల్లో ఒక్కటి తెగినా చిప్ పాడవుతుంది, కష్టమంతా అక్కడే.

గాజు పలకల ప్రయోగం సెమినార్‌కు ముందు రోజే చేసి పెట్టుకో. టోలుయిన్ ఆవిరి మంచిది కాదు, నిప్పంటుకుంటుంది కూడా. ఇంట్లో వద్దమ్మా, మీ ల్యాబ్‌లో ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే, మేడం దగ్గరుండగా చెయ్యి.