నాలుగు ఊళ్ల పేర్లు రాశారు, అమ్మాయి మాటేదీ?

ప్రశ్న: మాది కర్నూలు. అమ్మాయి పదో తరగతి, లెక్కలు బాగా చేస్తుంది. కర్నూలు, విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో చదువు ఏ ఊళ్లో మెరుగు? విజయవాడ హాస్టల్లో వేయకపోతే వెనకబడిపోతుందని చుట్టాలంతా అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: మీరు అడిగింది ఊళ్ల గురించి. అసలు భయం వేరు: కర్నూల్లోనే ఉంచేసి పిల్లకు అన్యాయం చేస్తున్నానా అని. చేయడం లేదండీ. ముందు ఈ మాట చెప్పాకే మిగతాది.

అంకెలు కావాలంటే ఇవిగో. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత హైదరాబాద్ జిల్లాలో 83.25 శాతం, అప్పట్లో విజయవాడ ఉన్న కృష్ణాలో 73.74, విశాఖలో 66.91, కర్నూలులో 59.97. గుండె జారిందా? ఆగండి. హైదరాబాద్ జిల్లాలో పల్లె అనేదే లేదు, మొత్తం పట్నమే. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖ జిల్లా ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 కన్నా కాస్త కిందే ఉంది. అప్పట్లో పాడేరు, అరకు ఏజెన్సీ అంతా అందులోనే ఉండేది మరి. మీ జిల్లా అంకెలోనూ ఆలూరు, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే పనులు వెతుక్కుంటూ వలస పోయే కుటుంబాల పిల్లలు ఉన్నారు. పైగా ఏడేళ్లు నిండినవాళ్లకు ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వచ్చా అన్నదే ఆ లెక్క. మీ అమ్మాయికి ఇంటిగ్రేషన్ ఎవరు చెబుతారో అందులో దొరకదు.

ఇక విజయవాడ మోజు. ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెప్పేవాణ్ని. ఇప్పుడు నోరు రావడం లేదు. ఫ్లెక్సీల మీద కనిపించే ర్యాంకులు ఆ ఊరి నీళ్లు తాగితే వచ్చినవి కావు. చాలావరకు జిల్లాలన్నీ గాలించి ఏరి తెచ్చుకున్న పిల్లలవి. వాళ్లకు వేరే సెక్షన్, వేరే లెక్చరర్లు. మీ అమ్మాయి ఏ సెక్షన్లో పడుతుందో అడిగారా? తెల్లారకముందే మొదలై రాత్రి పదిదాకా సాగే స్టడీ అవర్లు అందరికీ పడవు. దసరాకు ఇంటికొచ్చి, మళ్లీ బస్సెక్కనని ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. తట్టుకుని బాగుపడినవాళ్లూ ఉన్నారు, కాదనను. నేను చూసినంతలో వాళ్లలో ఎక్కువమంది తామే వెళ్తామని పట్టుబట్టినవాళ్లు.

కోప్పడుతున్నానంటారా? అవును, కోపమే. చుట్టాలు ఏమన్నారో రాశారు. అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు. హాస్టల్లో పడుకోబోయేది చుట్టాలు కాదు కదా!

హైదరాబాద్ విషయంలో ఇంకో జాగ్రత్త. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికతకు చదివిన చోటు కీలకం కాబట్టి, ఇంటర్‌కు రాష్ట్రం దాటించే ముందు ఆ నిబంధనలు చదవండి. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు సీటిచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉందని చుట్టాల్లో ఒక్కరైనా గుర్తుచేశారా?

సీటు రిజర్వ్ చేస్తాం, అడ్వాన్స్ కట్టండి అనే ఫోన్లు వస్తే పెట్టేయండి. ముందు కర్నూల్లోనే రెండు మూడు కాలేజీలకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. నిరుడు లెక్కలు చెప్పినాయన ఈ ఏడూ ఉంటారా, డౌట్లు ఎప్పుడు చెబుతారు, ల్యాబ్ నిజంగా నడుస్తుందా అని అడగాలి. మీరు కాదు, అమ్మాయి. మీరు పక్కన కూర్చోండి, చాలు.